ఎకో లేని పద్యం

నాటకానికి ఇంకా నలభై నిమిషాలు ఉందనగా, తాను మూడు నెలలు కూర్చుని కీబోర్డులో తయారుచేసుకున్న టోన్లన్నీ మాయమయ్యాయని అక్షత కనిపెట్టింది.

మొదటి బటన్ నొక్కితే హార్మోనియం పలకాలి. పియానో పలికింది. రెండోది నొక్కితే వేణువు రావాలి. గిటారు వచ్చింది. మిగతా పదీ నొక్కి చూసింది. కంపెనీ నుంచి వచ్చిన రోజు ఏ టోన్లున్నాయో అవే ఉన్నాయి. ఆమె పెట్టుకున్నవి ఒక్కటీ లేవు.

నాటకాల పోటీ అరసికెరె బడి మైదానంలో. మధ్యాహ్నం మూడింటికి వల్లూరు జట్టు వంతు. నాటకానికి సంగీతం నడిపే మేష్ట్రు పీట మీద ముప్పై ఏళ్లుగా హార్మోనియం బైలప్ప కూర్చున్నాడు. ఈసారి ఒక ఆడపిల్ల, అదీ కీబోర్డుతో కూర్చుంటోంది. ఈ ఒక్క ఆట బాగా వస్తే పీట ఆమెదే. చెడితే బైలప్పను మళ్లీ పిలుస్తామని జట్టు పెద్దలు ముఖం మీదే చెప్పారు.

"పొద్దున టెంపోలో ఎక్కించేటప్పుడు బాగుండె కదా?" అన్నాడు మేనేజరు గోపికృష్ణ. వై.ఎన్.హొసకోటలో ఎరువుల కొట్టు నడిపే ఆయనకు ఈ నాటకాల పిచ్చి తండ్రి నుంచి వచ్చింది.

"బాగుండె అన్నా. భోజనానికి పోయొచ్చేలోపల పాయ."

"కాపీ పెట్టుకోలేదా?"

"పెన్‌డ్రైవులో ఉండాది. పెన్‌డ్రైవు ఇంట్లో ఉండాది."

గోపికృష్ణ గొంతు తగ్గించాడు. "బైలప్ప పనే ఇది. పన్నెండు గంటలకాడ ఈడనే తిరుగుతా ఉండినాడు."

అక్షత చూపు కీబోర్డు మీది ఎకో నాబ్ దగ్గర ఆగింది. అది సున్నాలో ఉంది. ఆమె దాన్ని ఎప్పుడూ సగానికి తక్కువ తిప్పింది లేదు. టోన్లు చెరిపితే నాబ్ దానంతట అది తిరగదు. ఎవరో చేత్తో తిప్పారు.

"చెడగొట్టే మనిషి ఎకో ఎందుకు తగ్గిస్తాడన్నా?"

"నీకిప్పుడు పోలీసు పనేంది తల్లీ? ముందు టోన్లు చూడు."

నిజమే. ముప్పై ఏడు నిమిషాలుంది.

ఆ కీబోర్డు సంగతి ఆమెకు బాగా తెలుసు. ఒకేసారి నాలుగు టోన్లు పలికిస్తుంది, కానీ ఎఫెక్టులు రెండింటికే ఇస్తుంది. ఎకో ఒక్కటే, అది నాలుగింటికీ ఉమ్మడి. వేణువుకు సరిపడా పెడితే హార్మోనియం మసకబారుతుంది. పైగా టోన్ మార్చగానే పాత టోన్ ఎకో కత్తెరతో కోసినట్టు తెగిపోతుంది. మొదట్లో తయారుచేసినవాళ్లను తిట్టుకునేది. తర్వాత అర్థమైంది. ఎఫెక్టులు పెంచితే ధర పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఆట మధ్యలో మెనూల్లో వెతుక్కోవాల్సి వస్తుంది. చెమట పట్టిన చెయ్యికి నాబ్ వెంటనే అందాలని వాళ్లు మిగతావి వదులుకున్నారు.

ఆ తెగడం వినపడకుండా ఆమె మూడు నెలలు శ్రమపడి ఎడమచేత్తో కింద వయొలిన్లు సాగదీసే పద్ధతి కనిపెట్టింది. అదంతా మళ్లీ కట్టడానికి ఇప్పుడు టైము లేదు. తను కూడా ఏదో ఒకటి వదులుకోవాలి.

"వయొలిన్లు వద్దు. గంటలు వద్దు. ఉరుము వద్దు," అంది.

"ఉరుము లేకుండా యుద్ధమేందప్పా?" గోపికృష్ణ తల పట్టుకున్నాడు.

"ఉరుము నేను కొడతాలే," అన్నాడు తబలా మారన్న. "కరెంటు అడగదు, మెనూ అడగదు."

అక్షత కీబోర్డు మెట్లను రెండు భాగాలు చేసింది. ఎడమ సగం హార్మోనియం, కుడి సగం వేణువు. తిత్తి ఊగినట్టుండే చిన్న వణుకు హార్మోనియానికి, ఊపిరి మెత్తదనం వేణువుకు. రెండు ఎఫెక్టులూ అయిపోయాయి. ఆట మొత్తానికి ఈ రెండే. మార్చేది లేదు కాబట్టి తెగేదీ లేదు. ఇక ఉమ్మడి ఎకో. చెయ్యి నాబ్ మీదికి పోయి ఆగింది. తిప్పిన మనిషి ఎవరైనా, హార్మోనియం మసకబారకుండా ఉండాలంటే సున్నాయే సరి అనిపించింది. అలాగే ఉంచి సేవ్ చేసింది.

తెర లేచింది.

మొదటి రెండు రంగాలూ బాగానే నడిచాయి. మూడో రంగంలో రాజు వేషం వెంకటరామప్ప వచ్చాడు. అరవై రెండేళ్ల మనిషి. వేరుశనగ వేసిన పొలం సోలార్ పార్కుకు లీజుకిచ్చి, ఆ ప్యానెళ్లకే కాపలా కాస్తున్నాడు. తాలూకాలో పద్యానికి ఆయన పెట్టింది పేరు. కానీ ఈ మూడు నెలల రిహార్సళ్లలో పద్యం చివరి రాగం సాగదీసేటప్పుడు శృతి జారిపోతూ వచ్చింది. అక్షత ఎవరికీ చెప్పకుండా తనే ఆయన వెంట జారి కప్పిపుచ్చేది.

ఈరోజూ వేళ్లు సిద్ధంగా పెట్టుకుంది. అవసరం పడలేదు.

పద్యం నిటారుగా లేచింది. చివరి రాగం హార్మోనియం మెట్టు మీద మేకు దిగినట్టు నిలబడింది. ఆయన ఆగిన చోట కుడిచేత్తో వేణువు అందుకుంది. మధ్యలో సందు లేదు, తెంపు లేదు. ఆయన తిరిగి చూసి, నవ్వి, ఇంకో మెట్టు పైకి పోయాడు. ఆమె వదల్లేదు.

"ఒన్స్ మోర్!" మైదానం లేచింది. రెండోసారి పాడాడు. మూడోసారీ పాడించారు. ముందు వరసలో ఉన్న బైలప్ప లేచి నిలబడి రెండు చేతులూ పైకెత్తి తాళం వేస్తున్నాడు. ఆయన మీద అనుమానం అక్షతకు అక్కడితో పోయింది.

మొదటి బహుమతి వల్లూరుకు, సంగీతం బహుమతి అక్షతకు వచ్చాయి. బైలప్పే వేదికెక్కి శాలువా కప్పాడు. "పీట చల్లబడనీయొద్దమ్మా. నేనింక ముందు వరసలో కూర్చుని ఇంటా," అన్నాడు. గోపికృష్ణ మైకులోనే వచ్చే ఏడాది నాటకానికీ మేష్ట్రుగా అక్షత పేరు ప్రకటించేశాడు.

అక్షత బహుమతి అక్కడే పెట్టి వేషాలు వేసుకున్న గదిలోకి నడిచింది. ఎకో లేకుంటే ఎవరికి మేలు? మూడు నెలల్లో ఈరోజొక్కటే శృతి జారనిది ఎవరికి?

వెంకటరామప్ప ఒక్కడే ఉన్నాడు.

"బాగా పాడినావు మామా. ఎకో అడ్డమని ముందే చెప్పింటే నేనే తీసేసిందును కదా."

ఆయన కిరీటం తీసి పక్కన పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"నేనే చెరిపింది, పాపా. ఎడమ చెవి పోయి రెండేండ్లాయ. ఇంట్లో కూడా తెలీదు. ఆ ఎకో వస్తా ఉంటే నాకు శృతి యాడుండాదో దొరికేది కాదు, గుంపులో మనిషిని ఎతికినట్లు ఉండేది. చెప్తే రాజు వేషం ఇంకొకరికి ఇస్తారని భయం. మీరు భోజనానికి పోతిరి, నాబ్ తిప్పితి. ఎకో పాయ. సంతోషంగా ఇంకో టోన్ బటన్ ఒత్తితే దానికుండే ఎకో మళ్లా వచ్చె. ఏదో మెనూ అని ఉంటే ఒత్తితి. ఇంగ్లీషులో ఏందో అడిగె, ఎర్రలైటు మినుకుమినుకుమంటా ఉండె. మా సోలార్ కాడ ఎర్రలైటు మినుకుమంటే ఐదు సెకన్లు ఒత్తిపట్టమని నేర్పించినారు, అదే చేస్తి. పచ్చలైటు వచ్చె, బాగుపడిందనుకుంటి. నువ్వు వచ్చి మొగం తెల్లబోయి నిలబడినావే, అప్పుడు తెలిసె ఏం చేసినానో. బైలప్ప మీద మాట పడతా ఉందని తెలిసినా నోరు తెరవలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఒన్స్ మోర్ అంటా ఉండంగానే చెప్పేద్దామనుకుంటి. కిరీటం పెట్టుకుని ఒప్పుకునేదానికి సిగ్గాయ. ఇప్పుడు తీసేసినాను, అందుకే చెప్తా ఉండా."