చెవి వెంట వచ్చిన జబ్బు

మెట్లు దిగుతూ పెద్దాయన చేయి గోడకు ఆనించాడు. మొత్తం పదిహేడు మెట్లు. రోజూ చేయి పాకే మేర సున్నం పోయి నల్లటి చార పడింది. పై గుమ్మంలోంచి భార్య చేతికర్ర చూపించింది.

"ఇది పట్టుకెళ్తే ఏం పోతుందండీ?"

"ముసలాడనుకుంటారే."

"అనుకోవడమెందుకు, చూస్తే తెలీదూ?"

సైన్యంలో ఫిరంగి పక్కన తొమ్మిదేళ్లు నిలబడ్డందుకు కుడి చెవి పోయింది. దానికి పింఛను ఇచ్చారు. చెవి వెంటే తల తిప్పు వచ్చింది. తల పైకెత్తితే చాలు, గోడలు గిర్రున తిరిగేవి. దానికీ పింఛను అడిగితే, రెండిటికీ సంబంధం లేదని రెండుసార్లు తోసిపుచ్చారు. ఈరోజు ఆఖరి విచారణ. గెలిస్తే మెట్లు లేని ఇంటికి మారవచ్చని భార్య ఆశ.

మాజీ సైనికుల సంఘంలో పదకొండేళ్లుగా అప్పీళ్లు రాసేది ఆయనే. మోకాలు దెబ్బతిని, కుంటి కుంటి నడుము పట్టేసినవాళ్లు, నొప్పి మాత్రలతో కిడ్నీలు పాడైనవాళ్లు ఆయన బల్ల ముందు కూర్చునేవారు. ఆ ఉదయం ఒక మాజీ డ్రైవరు వచ్చాడు.

"విచారణలో ముందు ఎలా ఉన్నావని అడుగుతారు. అలవాటుకొద్దీ బాగున్నానన్నావో, నీ కాగితం అక్కడితో సరి," అన్నాడు పెద్దాయన.

"మరి ఇవాళ మీరేమంటారు బాబాయ్?"

"నాకే నేర్పుతావురా?"

విచారణ గదిలో ఆఫీసరు పడుచువాడు. చొక్కా మడత నలగలేదు. ఫైలులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇప్పుడెలా ఉన్నారు?"

పెద్దాయన మడమలు దగ్గరికి చేరాయి. ఛాతీ లేచింది.

"బాగున్నాను సార్."

కలం కదిలింది. ఆ గీరుడు మంచి చెవికి స్పష్టంగా వినిపించింది. ఆయన నోరు తెరిచేలోగా బంట్రోతు తరువాతి పేరు పిలిచాడు.

సాయంత్రం చంకలో అప్పీలు కాగితాలతో ఇంటి మెట్ల కింద చాలాసేపు నిలబడ్డాడు. తరువాత ఎక్కడం మొదలుపెట్టాడు. సగం దాటాక పైనుంచి భార్య గొంతు వినిపించింది.

"ఏమన్నారండీ?"

జవాబు చెప్పాలని ఆయన తల పైకెత్తాడు. చేయి గోడ మీది చారను వెతికింది, దొరకలేదు.

కాగితాలు జారిన చప్పుడే ముందు విన్నానని ఆమె తరువాత డ్రైవరుతో చెప్పింది.

ఆయన పోయిన నెలకు ఉత్తర్వు వచ్చింది. తాను బాగున్నట్టు దరఖాస్తుదారు స్వయంగా చెప్పారని అందులో రాశారు. డ్రైవరు చదివి వినిపించి, మడిచి, ఆమె చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. అతని వెనక ఆమె తలుపు వేసింది. తలుపు వెనక మేకుకు చేతికర్ర ఊగి ఆగింది. దాని అడుగు రబ్బరుకు ఇంకా మట్టి అంటలేదు.