మొవ్వు మీద మన్ను

మధ్యాహ్నానికల్లా ఆసుపత్రి నుంచి కోడలు వైరూరి వచ్చేస్తుంది. న్యోకాబి పొద్దుటి నుంచీ వంటింటి వెనక స్ట్రాబెర్రీ మడిలో మోకాళ్ల మీద కూర్చుని, చెంచాతో మన్ను తోడుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేనని తెలుసు. అయినా తోడుతోంది.

ఇదంతా తన నిర్వాకమే. కాన్పుకు వెళ్తూ కోడలు చెప్పిందల్లా ఎండాకులు తుంచమని, పాకిన తీగలు కత్తిరించమని, కలుపు తియ్యమని. న్యోకాబి అవన్నీ చేసింది. చేసి ఊరుకుంటే బాగుండేది. కినాంగోప్ చలికొండల్లో నలభై ఏళ్లు బంగాళాదుంపలు పండించిన చెయ్యి ఊరుకుంటుందా? దుంప మొక్కకు ఎగదోసినట్టే ప్రతి మొక్కకూ మన్ను గుట్టలా ఎగదోసింది. ఆ పైన తొమ్మిది రోజులు వాన. మన్ను కింద, చిగురు పుట్టాల్సిన మొవ్వులు కుళ్లిపోయాయి.

పుట్టిన ఐదో రోజున బిడ్డ పోయింది. బాలింతకు వండాల్సిన నల్ల చిక్కుళ్లు డబ్బాలోనే ఉండిపోయాయి. నిన్న ఫోన్‌లో కోడలు ఏడవలేదు. "నా మొక్కలెలా ఉన్నాయత్తమ్మా?" అని మాత్రం అడిగింది. "బంగారంలా ఉన్నాయే తల్లీ" అనేసింది న్యోకాబి. ఆ పిల్లకు ఇంట్లో ఇంకేం మిగిలిందని నిజం చెప్పడం?

పక్కింటి ముంబీ కంచె మీంచి తొంగి చూసింది. "ఏంటక్కా, చెంచాతో దుంపలు తవ్వుతున్నావా?"

"నోరు ముయ్యి. నీ పెరట్లో ఒక్క స్ట్రాబెర్రీ మొక్కయినా ఉంటే ఇయ్యి."

"నాకెక్కడివి? నీ కోడలు రెండు తీగలిస్తానంది. అవన్నీ కోసి నువ్వేగా మేకకు పడేశావు!"

న్యోకాబికి ఏడుపు ముంచుకొచ్చింది. పదో మొక్క, ఇరవయ్యో మొక్క. వేలు పెడితే చాలు, మొవ్వు జిగటగా జారిపోతోంది. దేవుడా, ఒక్క నాలుగు మిగిల్చు, ఆ పిల్ల కళ్లబడేట్టు ముందు వరసలో నాటేస్తాను అని మొక్కుకుంది. నడుము విరిగిపోతున్నా లేవలేదు.

ముంగిట్లో బండి ఆగింది. వైరూరి ఇంట్లోకి వెళ్లకుండా తిన్నగా పెరట్లోకే వచ్చింది. పీకి పడేసిన మొక్కల కుప్పను చూసి అక్కడే నిలబడిపోయింది.

"నేనే చంపానే," అంది న్యోకాబి. "దుంపలకు మల్లే మన్ను ఎగదోశాను."

వైరూరి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నిన్న బాగున్నాయన్నావు."

"నువ్వు తట్టుకోలేవని..."

"బిడ్డ పోయాక కూడా రెండ్రోజులు ఆసుపత్రికి వచ్చి, అద్దాల గదిలో నిద్రపోతోందనే చెప్పావు. నేను పాలు పిండి నీ చేతికే ఇచ్చానత్తమ్మా."

న్యోకాబి చెంచాతో ఇంకో మొక్క మొదట్లో మన్ను తోడబోయింది.

"ఎన్ని బతికాయి?" అని అడిగింది వైరూరి.

"చాలానే" అనబోయి ఆగింది న్యోకాబి. చెంచాతో వరస చివరి మొక్కను చూపించింది.

"ఒకటి," అంది. "అదీ అనుమానమే."