అమాసనాటి తోరణం

లచ్చయ్య రోడ్డు మీద బోర్లా పడుకుని నేలకు చెవి ఆనించాడు. ఎడ్లబండ్ల చప్పుడు వినబడాలి. ఏమీ వినబడలేదు.

"భూదేవి ఏమంటుంది?" దుకాణం అరుగు మీంచి అడిగింది భార్య బాలలక్ష్మి.

భూదేవి ఏమీ అనడం లేదని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు.

అది 1972. మంచిర్యాల దాటి ఆసిఫాబాద్ వైపు పోయే అడవిలో, మూడు బాటలు కలిసే చోట, మరో ఇల్లు లేని జాగాలో లచ్చయ్య కిరాణా దుకాణం పెట్టాడు. ఉప్పుంది, బెల్లముంది, ఎడ్ల మెడగంటలున్నాయి. కొనేవాళ్లే లేరు. వారానికోసారి అంగడి, అంటే సంత, కూడితే ఇదే ఊరవుతుందని అతని నమ్మకం. చుట్టుపక్కల అంగళ్లు మిగతా వారాలన్నీ పట్టేసుకోగా బేస్తవారం మిగిలింది. మొదటి బేస్తవారం అమావాస్య అని బాలలక్ష్మి చెబితే, అంగడికి అమాసేంది అని కొట్టిపారేశాడు.

సరే, ఇవాళ అంగడి కూడకపోతే సాయంత్రం కలప లారీలో మంచిర్యాల, అక్కణ్నుంచి రైల్లో జమ్మికుంట అని ఆమె తేల్చేసింది. జమ్మికుంటలో బావమరిది హనుమండ్లుకు పత్తి కొట్టుంది. అందులో లచ్చయ్యకు పనుంది. "బావా, గా పత్తి బోరెం జర జరుపు" అని బావమరిది రోజంతా అంటుంటాడు. పులి గాండ్రింపుకు భయపడని లచ్చయ్య ఆ మాట తలుచుకుంటే చాలు, చెమటలు పట్టేవి.

అందుకే ఏ లోటూ చేయలేదు. రోడ్డుకడ్డంగా రెండు గుంజలు పాతి మామిడాకుల తోరణం కట్టాడు. కుమ్మరులనూ బట్టలవాళ్లనూ తీసుకురావడానికి పక్క ఊరి కొండల్‌తో బండ్లు మాట్లాడాడు.

కొండల్ వచ్చాడు. నడిచి వచ్చాడు.

"బండ్లేవిరా?"

"గియ్యాల పొలాల అమాస గద సేటూ. ఎడ్లకు కాడి పెడితే మా అవ్వ నన్నే కట్టి దున్నుతది."

ఆ రోజు ఎడ్ల పండుగ. కడిగి, కొమ్ములకు రంగులేసి, బొబ్బట్లలాంటి పోలెలు తినిపిస్తారు. ఆదిలాబాద్ జిల్లాలో ఏ ఎద్దూ ఆ రోజు బండి లాగదు. మరి బేస్తవారం అన్నప్పుడు ఎందుకు ఒప్పుకున్నావని అడిగితే, అమాస ఏ వారమొస్తదో లెక్కేసుకోలేదన్నాడు కొండల్. పత్తి మూటల మధ్య పెరిగిన లచ్చయ్యకు బండి ముందు లేని ఎద్దు ఎలా ఉంటుందో కూడా సరిగ్గా తెలియదు.

బాలలక్ష్మి ట్రంకుపెట్టె సర్దింది. సాయంత్రం లారీ వచ్చింది. పెట్టె ఎక్కింది. డ్రైవర్ తోరణం ముందు ఆగి, దాన్ని విప్పమని హారన్ కొట్టాడు. లచ్చయ్య ముడి మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వినబడింది చప్పుడు. బండ్లది కాదు, డప్పులది.

బాట మలుపులోంచి ఎడ్లు వచ్చాయి. ఎర్రని కొమ్ములు, వీపుల మీద రంగుబట్టలు. వాటి వెనక ఊరు ఊరంతా నడిచి వస్తోంది. ఆ డప్పు విని రెండో బాటలోంచి ఇంకో ఊరు దిగింది. ముందున్న ముసలి గంగయ్య పటేల్ లచ్చయ్య చేతిని చూశాడు.

"ఇప్పకు సేటూ. పొలాలనాడు తోరణం కడితే ఎడ్లను పిలిచినట్టే. పిలిచి ఇప్పుతవా?"

లారీ వెనక్కి జరిగింది. ఎడ్లు తోరణం కిందికి వచ్చి నిలబడ్డాయి. పటేల్ ఎద్దు మాత్రం నేరుగా దుకాణంలోకి మెడ చాచి బెల్లం దిమ్మ అందుకుంది. ఎవరూ ఆపలేదు. పిల్లలకు గంటలు కావాలి, ఆడవాళ్లకు బెల్లం కావాలి, మగవాళ్లకు బీడీలు కావాలి. కొండల్ గల్లాపెట్టె ముందు కూర్చుని తనదే దుకాణమన్నట్టు అందరినీ కసురుతున్నాడు.

రద్దీ కాస్త సద్దుమణిగాక పటేల్ గొంతు సవరించుకున్నాడు. తోరణం కట్టిన ఇంటి ఆడమనిషే ఎడ్ల కాళ్లు కడిగి బొట్టు పెట్టాలి. కట్టినవాళ్లు వచ్చే ఏడు కూడా కట్టాలి. లేకుంటే ఎడ్లను పిలిచి మొగం చాటేసినట్టు.

"మల్లేడు ఉంటరా బిడ్డా?" పటేల్ అడిగింది లచ్చయ్యను కాదు.

రెండు ఊళ్లూ బాలలక్ష్మి వైపు చూశాయి. లచ్చయ్య మాత్రం ఎద్దు వైపు చూశాడు. ఆమె మొహం చూసే ధైర్యం లేదు. లారీ మరోసారి హారన్ కొట్టింది.

బాలలక్ష్మి చెంగు నడుముకు దోపుకుంది.

"నిలవడి సూస్తవేందయ్యా? పెట్టె దించు," అంది. "కుంకుమ బరిణె అడుగున పెట్టిన."