ముందుగా తవ్వే గొయ్యి

సుర్‌పుంట్‌లో ఏటా మంచు పడకముందే ఒక గొయ్యి తవ్వి, పైన పలకలు కప్పి ఉంచుతారు. చలికాలం నాలుగు నెలలూ ఆ కొండ ఊరి నేల గునపానికి లొంగదు. లోయలోకి దిగే దారీ మూసుకుపోతుంది. కన్నుమూసేవాళ్లు ఇవన్నీ చూసుకుని పోరు కదా. అందుకని అక్టోబరు గ్రామసభలో పచ్చిక వంతులు, కంచెల మరమ్మతు అయ్యాక చివరి అంశం అదే: ఈ ఏడు తవ్వాలా, వద్దా? చేతులెత్తి తేలుస్తారు. ఎవరికోసమని మాత్రం ఎవరూ అడగరు. అడగడం మర్యాద కాదు.

ఇరవై ఇద్దరున్న ఆ ఊరికి మెంజా అధ్యక్షురాలు. ఎనిమిదేళ్లుగా ఈ అంశం ఆమే చదువుతోంది. ఈసారి కాగితంలోంచి తలెత్తకుండా చదివింది. ఆమె భర్త లురేన్ వెనక బెంచీలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అతని ఊపిరితిత్తులు పాడయ్యాయి. వచ్చే వసంతం గురించి మాట్లాడడం డాక్టరు మానేశాడు. గొయ్యి లేకపోతే, చలికాలంలో అతను పోయాక శవాన్ని హెలికాప్టరులో కింది పట్నానికి దించి, అక్కడి శ్మశానంలోనే పూడ్చాలి. కానీ గడిచిన నాలుగేళ్లలో తవ్విన గొయ్యి ఒక్కసారీ ఖాళీగా మిగల్లేదు. తవ్వకపోతే చావు ఈ ఏటికి ఊరి దారి మర్చిపోతుందేమోనని మెంజా ఆశ. పిచ్చి ఆశేనని ఆమెకూ తెలుసు.

ఆవులు పెంచే కుర్దిన్ లేచాడు. "తవ్వేవాళ్లం ఐదుగురమే మిగిలాం. పోయినేడు నడుం పట్టేసి పది రోజులు పాలు పితకలేకపోయాను. పట్నంలో అన్నీ ఉన్నాయి. ఇక వద్దనుకుందాం."

"నీ నడుం గోల నీ పెళ్లానికి చెప్పుకోరా," అంది ఓనా అవ్వ. "నన్ను మాత్రం ఆ పట్నం వాళ్ల మధ్య పడుకోబెట్టకండి. కొత్తవాళ్లతో నాకు మాటలు కలవవు."

అందరూ నవ్వారు. ఆ తర్వాత చేతులు లేచాయి. గుమాస్తా రీష్ లెక్కపెట్టాడు.

"తవ్వాలన్నవాళ్లు ఆరుగురు. వద్దన్నవాళ్లు ఏడుగురు."

మెంజా గుండె తేలికపడింది. తేలికపడినందుకు ఆమెకు సిగ్గేసింది.

"ఆగవయ్యా," అన్నాడు లురేన్. "నన్ను లెక్కపెట్టలేదు."

"నువ్వు చెయ్యి ఎత్తలేదు కదా బావా."

"ఊపిరి తీసుకుని ఎత్తుదామనుకున్నా. ఈలోపే నీకు తొందరొచ్చింది."

తవ్వాలని చెయ్యెత్తాడు. ఏడూ ఏడూ. రెండు వైపులా సమానమైతే తేల్చాల్సింది అధ్యక్షురాలే. ఆమె వెనక బెంచీ వైపు తిరిగింది. మెంజాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంట్లో ఒక్కమాట అడగలేకపోయావా?" అంది.

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ లేచెళ్లి పొయ్యిలో కట్టె పెట్టొచ్చావు. ఇక్కడైతే లేచి వెళ్లలేవు కదా, ప్రెసిడెంటమ్మా."

లురేన్ కాసేపు దగ్గి, గొంతు తగ్గించాడు. "ముప్పై ఏళ్లు ఇక్కడ అందరికీ నేనే తవ్వాను మెంజా. వాళ్ల పక్కనే ఉంటాను."

వాయిదా వేద్దామన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ వారంలో మంచు పడుతుంది. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె కాగితం పక్కన పెట్టి చెయ్యి ఎత్తింది.

"తవ్వాలన్నవాళ్లు ఎనిమిది మంది," అని రాసుకున్నాడు రీష్. తలెత్తి చూసి మెల్లగా అన్నాడు. "రాసేశానక్కా. చెయ్యి దించొచ్చు."

ఆమె దించలేదు. దించాలని ఉంది, చెయ్యి మాట వినడం లేదు. కుర్దిన్ తల వంచుకున్నాడు. లురేన్ లేచి, బెంచీలు పట్టుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటూ ముందుకొచ్చాడు. ఆమె చేతిని తన రెండు చేతులతో పట్టుకుని కిందికి దించాడు. దాన్ని వదలకుండానే పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

సభ ముగిసిందని చెప్పాల్సింది మెంజానే. ఆమె చెప్పలేదు. ఎవరూ తొందరపెట్టలేదు.