గరుకు వైపు

...పోనీ, తప్పు మణికట్టులో కాక మనసులో ఉందేమో. తిన్నగా ఒక మాట అనలేని మనిషికి బంతి మాత్రం తిన్నగా తప్ప పోనంటోంది. కుట్టును స్లిప్ వైపు ఒరగబెట్టి, రెండు వేళ్లు దాని మీదే ఆనించి, పుస్తకంలో బొమ్మలాగే వేస్తోంది చిట్టి. అయినా బంతి రిజిస్టర్డ్ ఉత్తరంలా నేరుగా వెళ్లి బ్యాటు చేతికే అందుతోంది.

"ఏంటి చిట్టీ, బంతి వేస్తున్నావా, అప్పజెప్తున్నావా?" స్లిప్‌లోంచి కేకేసింది డాక్టరమ్మ. పశువుల డాక్టరు, ఈ జట్టుకు కెప్టెను. "ఇంకో ఓవర్ చూస్తా. తిరక్కపోతే ఫైనల్లో కొత్త బంతి నీకివ్వను. తర్వాత అలగొద్దు."

చిట్టి పుట్టి బుద్ధెరిగాక నోరు తెరిచి అడిగి తెచ్చుకున్నది ఆ కొత్త బంతి ఒక్కటే.

బంతి కోసం మిడాఫ్ వైపు నడిచింది. అక్కడ వదిన దాన్ని తొడకేసి రుద్దుతోంది. ముక్కు మీద చెమట, నాలుక కొస పళ్ల మధ్య. రుద్దింది, చూసుకుంది, బంతి తిప్పి రెండోవైపు రుద్దడం మొదలుపెట్టింది.

"వదినా, అదేంటి?"

"ఈ వైపు ఎవరికీ పట్టలేదే. చూడు, రుద్దకపోతే తారు రోడ్డులా తయారవుతుంది! మీరంతా ఒకవైపే ముద్దు చేస్తారు. రెండోది ఏం పాపం చేసింది?"

"ఎప్పట్నుంచి?"

"సీజన్ మొదట్నుంచీ నేనే చూసుకుంటున్నా. చెప్పుకోవడమెందుకని ఊరుకున్నాలే."

చిట్టికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గిన్నెల అడుగులు కూడా అద్దంలా తోమే మనిషి మరి! నున్నటి వైపు గాలి తొందరగా జారిపోతుంది. గరుకు వైపు కాసేపు అంటిపెట్టుకుని ఉంటుంది. ఆ తేడాకే బంతి గరుకు వైపుకి ఒరుగుతుంది. రెండు వైపులూ సమానమైతే గాలికి ఎవరి పక్షమూ ఉండదు. వదిన సమన్యాయం చేసింది, బంతి తిన్నగా పోయింది.

చెప్పాలి. కానీ ఎలా? చిట్టి ప్రూఫ్‌రీడరు. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ల తప్పులకు ఎర్రసిరా పూస్తుంది. ఎదుట మనిషి నిలబడితే మాత్రం కలం కాదు కదా, పెదవి కూడా కదలదు. ఒకసారి కర్టెన్లు తిరగేసి కుట్టావని వదినతో అన్నందుకు వారం పాటు ఇంట్లో "ఊ" తప్ప మాట లేదు. పైగా, చిట్టి ఆడతానన్నప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వితే, "ఒక్కదానివే ఎందుకు, నేనూ వస్తా పద" అన్నది ఈ వదినే. క్రికెట్ అంటే ఏ కోశానా ఇష్టం లేకుండానే.

మణికట్టు నొప్పి అంటే సరిపోదూ? ఎవరి మనసూ నొచ్చుకోదు. ఫైనల్లో ఇంకెవరో వేస్తారు. చిట్టి చప్పట్లు కొడుతుంది. ఎంత హాయి! ఎంత పిరికితనం!

"వదినా మరదళ్ల ముచ్చట్లు ఇంటికెళ్లాక!" డాక్టరమ్మ అరిచింది.

వదిన బంతి అందించబోయింది. చిట్టి అందుకోలేదు. ఆ చేతుల్ని బంతితో సహా పట్టుకుని, కాస్త ఎక్కువ మెరిసే వైపును వదిన ప్యాంటుకు ఆనించింది. గరుకు వైపు మీద తన అరచెయ్యి కప్పేసింది.

"ఇదొక్కటే రుద్దు వదినా," అంది. "దాన్ని దాని మానాన వదిలెయ్."