దిష్టి సదస్సు

మా ఆయన జ్ఞానశేఖర్ డాక్టరు. ఏ డాక్టరని మాత్రం అడగకండి. కప్పల కళ్ళ డాక్టరు. కంటి వెనక ఉండే రెటీనా పొర మీద పడిన వెలుగు మెదడుకు ఎలా చేరుతుందో కప్పల్లో పరీక్షించి చెబుతారు. కళ్ళజోడు నంబరు కనుక్కోవడానికి వచ్చిన మా చర్చి పెద్దలు ఈ సంగతి విని, కాఫీ తాగి వెళ్ళిపోతుంటారు. ఇన్నేళ్ళు చూపు మీద పనిచేసిన మనిషికి వంటింట్లో కళ్ళెదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనిపించదు. "లేదు ఆలిస్" అంటారు. నేను వెళ్ళి ఆయన చేతి పక్కనుంచే తీసిస్తాను. "నేను ఎర్ర డబ్బా కోసం చూస్తున్నాను" అంటారు. ఎర్ర డబ్బా పగిలిపోయి చాలా కాలమైంది.

ఆ ఏడు రెటీనా శాస్త్రవేత్తల సదస్సు సికింద్రాబాదులో పెట్టారు. అంతా ఇంగ్లీషులోనే. ఆఖరి రోజు సాయంత్రం ఒక్క గంట మామూలు జనానికి తెలుగులో మాట్లాడతానని ఈయన కమిటీని ఏడాది పొడుగునా బతిమాలారు. తెలుగు మీడియంలో చదువుకున్న మనిషి. తను చేసే పనేమిటో తన భాషలో, తనవాళ్ళకు ఒక్కసారైనా చెప్పాలని ఆయన కోరిక. సదస్సు అధ్యక్షులు రామభద్రరావు గారు పేరున్న కంటి డాక్టరు, నిజంగానే మనుషుల కళ్ళు చూసేవారు. ఆవకాయ వడ్డించమనడానికి తప్ప ఆయన తెలుగు వాడగా నేను వినలేదు. "సరే, కానీ హాలు ఖాళీగా ఉంటే వచ్చే ఏడు నుంచి ఆ గంట ఉండదు" అని ఇంగ్లీషులో అన్నారట.

ఆ మాటతో ఈయనకు తిండి సహించలేదు. జనం రావాలంటే బ్యానర్లు కట్టాలని నేనే చెప్పాను. మోండా మార్కెట్ సందులో బ్యానర్లు రాసే బ్రహ్మచారి అనే అతనికి ఈయన ఫోను చేసి, "రెటీనా, దృష్టి. ఉచిత సదస్సు. అందరూ రావచ్చు" అని రాయమన్నారు. రాశాక, కూరగాయలకని వెళ్ళి స్వయంగా చూసి వచ్చారు. "అక్షరం అక్షరం చూశాను ఆలిస్, ముత్యాల్లా ఉన్నాయి" అన్నారు. తెచ్చిన వంకాయలు మాత్రం సగం పుచ్చులే. బ్రహ్మచారి ఒక బ్యానరు మార్కెట్ మొదట్లో, ఇంకొకటి హాల్లో వేదిక మీద కట్టించాడు.

ఆ సాయంత్రం నేను సైనిక్‌పురి నుంచి ఆటోలో వెళ్ళేసరికి హాలు కిటకిటలాడుతోంది. చంకల్లో పిల్లలతో తల్లులు, కొట్లు కట్టేసి వచ్చినవాళ్ళు, ముసలివాళ్ళు. చాలామంది చేతుల్లో నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు ఉన్నాయి. మార్కెట్ నుంచి నేరుగా వచ్చారు కాబోలు అనుకున్నాను. అప్పుడు వేదిక వైపు చూశాను. "రెటీనా, దిష్టి. ఉచిత సదస్సు."

మేము దిష్టిని నమ్మేవాళ్ళం కాదు. మా అత్తగారు కాంతమణి గారు మా పిల్లల అరికాళ్ళకు కాటుక చుక్క పెట్టేవారని మా పాస్టరు గారికి ఇప్పటికీ తెలియదు, అది వేరే సంగతి.

ఈయన మాత్రం వేదిక పక్కన నిలబడి జనాన్ని చూసి మురిసిపోతున్నారు.

"చూశావా ఆలిస్, సైన్సంటే మనవాళ్ళకు ఎంత ఆసక్తో."

"ఏవండీ, ఆ బ్యానరు ఒకసారి చదవండి."

"చదివాను. రెటీనా, దృష్టి."

"ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదవండి."

ఒకటో తరగతి పిల్లాడిలా పెదాలు కదుపుతూ చదివారు. ముఖం తెల్లగా పాలిపోయింది. "కొట్టు దగ్గర కూడా చూశానే" అన్నారు నీరసంగా.

ఇంతలో రామభద్రరావు గారు వచ్చి, జనాన్ని చూసి, ఈయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఆయనకు తెలుగు బోర్డులు చదివే అలవాటు లేకపోవడం ఆ రోజు మాకు కలిసొచ్చింది.

ఈయన మైకు ముందుకు వెళ్ళారో లేదో, ముందు వరసలోంచి ఒక పెద్దావిడ లేచింది. పేరు అనసూయమ్మట. "సారూ, దిష్టి ఎప్పుడు తీస్తరు? జెర జల్ది కానియ్యుండ్రి, ఇంట్ల పనుంది."

నేనైతే వెనక గుమ్మంలోంచి పారిపోయేదాన్ని. ఈయన నీళ్ళు తాగి, ఉన్నదున్నట్టు చెప్పేశారు. "అది దిష్టి కాదమ్మా, దృష్టి. చూపు. తప్పు రాసింది బ్రహ్మచారి. చూసి, బాగుందన్నది నేను. నా ఉద్యోగమేమో చూపు మీద పరిశోధన."

హాలు ఒక్కసారిగా గొల్లుమంది. ఆ నవ్వులోనే ఈయన అందుకున్నారు. అందరిచేతా బొటనవేళ్ళు రెండూ ముందుకు చాపించి, ఎడమ కన్ను మూయించి, కుడి కంటితో ఎడమ వేలినే చూస్తూ కుడి వేలు మెల్లగా పక్కకు జరపమన్నారు. "నా ఏలు మాయమైంది" అని ఎవరో అరిచారు. కంట్లో ఒకచోట ఏమీ కనిపించదనీ, అక్కడ ఏముండాలో మెదడే ఊహించి నింపేస్తుందనీ, తను బ్యానరు చదివింది కూడా అలాగేననీ చెప్పారు. నిమ్మకాయలు ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నారు. నాకు నిజంగా గర్వంగా అనిపించింది, ఆయనతో మాత్రం అనలేదు.

అనసూయమ్మ ఇంకా కూర్చోలేదు. పక్కనున్న కోడలి భుజం పట్టుకుని లేపింది. "గదంత మంచిగనే ఉంది సారూ. మరి మా సుగుణకు ఏమైనట్టు? పొద్దుగూకిందంటే గిన్నెలు తన్నుకుంట పోతది. పక్కన నిలవడి చెయ్యి సాపితే సుత చూడదు. పొగరని దినాం తిడుతున్న."

మా ఆయన ముఖంలో నవ్వు పోయింది. "నేను కప్పల డాక్టర్నమ్మా. పెద్ద డాక్టరు గారు చూస్తారు" అని రామభద్రరావు గారిని పిలిచారు. ఆయన ఆ పిల్లను ఎదురుగా నిలబెట్టి, తన ముక్కునే చూడమని సైగచేసి, వేలు పక్కనుంచి లోపలికి తెచ్చారు. వేలు దాదాపు ముఖం ముందుకొచ్చాకే ఆమె కనిపించిందని తలూపింది. ఆయన మా ఆయనవైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు.

సుగుణ అంతా విని, నెమ్మదిగా అంది. "సారూ, జెర తెలుగుల చెప్పుండ్రి. మా అత్తకు సమజ్ గావాలె."

రామభద్రరావు గారు నోరు తెరిచి మళ్ళీ మూశారు. మా ఆయన అందుకోబోతుంటే నేను చొక్కా పట్టుకుని ఆపాను.

"అమ్మా," అన్నారు రామభద్రరావు గారు చివరికి, మాట మాట వెతుక్కుంటూ. "ఈ అమ్మాయి కంటి లోపల... పొర పాడవుతోంది. చీకట్లో కనపడదు. పక్కన ఉన్నది కనిపించదు. దిష్టి కాదు. పొగరు కాదు. కావాలని చెయ్యడం లేదు. రేపు నా దగ్గరికి తీసుకురండి. పూర్తిగా నయమవుతుందని ఇప్పుడే చెప్పలేను."

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

జనం లేస్తుంటే రామభద్రరావు గారు కర్చీఫుతో నుదురు తుడుచుకుని, "జ్ఞానశేఖర్, వచ్చే ఏడాది ఒక్క గంట చాలదు" అన్నారు. తెలుగులోనే అన్నారు.

బయట చీకటి పడుతోంది. గుమ్మం దగ్గర సుగుణ మెట్లు తడుముకుంటూ ఆగింది. అనసూయమ్మ పక్కనుంచి చెయ్యి అందించింది. ఆ పిల్ల చూడలేదు. పెద్దావిడ ముఖం అలవాటుగా ముడుచుకుంది. అంతలోనే ఏదో తట్టినట్టు చుట్టూ తిరిగి, రెండు మెట్లు దిగి, కోడలికి ఎదురుగా నిలబడి చెయ్యి చాపింది.

"ఇగో, గిక్కడున్న. పట్టుకో బిడ్డా."