అంతా మామూలే

కుర్మయ్యను చంపింది చలి కాదు. మీరు. తెర మీద ఎరుపు కనిపిస్తే క్లయింట్ బెదురుతాడని లెక్కలేసుకున్న మీరు. తలుపు గొళ్లెం పాతదని, కోటు వేసుకోకపోవడం అతని తప్పేనని ఇప్పుడు తీరిగ్గా చెప్పుకుంటున్న మీరు. ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసు. అయినా మళ్లీ వినండి.

ఆ ఉదయం శివరామకృష్ణ రోజూలాగే అత్తాపూర్‌లో కంపెనీ వ్యాను ఎక్కి, పైవంతెన పొడవునా కునికిపాట్లు పడి, శంషాబాద్ దాటాక సరుకు గోదాముల మలుపులో దిగాడు. యాభై దాటిన మనిషి. చొక్కా జేబు అంచున సిరా మరక, మెడలో కంపెనీ గుర్తింపు కార్డు తాడు. కంపెనీలు మారినప్పుడల్లా ఆ తాడు రంగు మారింది గాని మనిషి మారలేదు. జీతం పెరగదంటే "సరే సార్". నువ్వు రాసిన ప్రోగ్రాం ఇంకొకరి పేరు మీద పోతుందంటే "సరే సార్". "మీ నోట్లో ఇంకో మాటే లేదా అండీ?" అని భార్య చాముండేశ్వరి విసుక్కుంటే, దానికీ "సరే" అనేసి నాలుక కరుచుకున్న ఘనుడు.

మలుపులో రుక్కమ్మ చాయ్ బండి. కుర్మయ్య అప్పటికే వచ్చి ఉన్నాడు. మామిడిపల్లి నుంచి సైకిలు మీద వస్తాడు. గోదాములో, నీళ్లు కూడా గడ్డకట్టే చలిలో మందుల డబ్బాలు దాచే కోల్డ్ రూములో పని. మండు వేసవిలో కూడా చెవుల దాకా మంకీ క్యాప్ దిగలాక్కుంటాడు. ఎర్రమట్టి రంగు ఊలు, కొనలో దారాలు ఊడి వేలాడుతుంటాయి.

"ఎండల గా టోపీ ఏందే కుర్మన్నా, పెండ్లికొడుకువా?" అంది రుక్కమ్మ.

"నువ్వొకపారి మా రూములకు రా అక్కా. ఎండ ఏడున్నదో జర నాకు జూపెట్టి పో."

చాయ్ తాగేటప్పుడు మాత్రం అతను టోపీ తీసి బండి గుంజకున్న మేకుకు తగిలిస్తాడు. ఆ రోజూ తగిలించాడు.

"సారూ, దినమంత కూసోని ఏం జేస్తరు మీరు? ఎన్నడు అడగలె."

శివరామకృష్ణ ఇబ్బందిగా నవ్వాడు. అతని పనేమిటని ఇంట్లోవాళ్లు కూడా అడగరు. "రుక్కమ్మగారి బండి అనుకోండి. చక్కెర లేని చాయ్ అంటారు మీరు. పాలెలా కాగాయో మీకక్కర్లేదు, గ్లాసు చేతికొస్తుంది. నేను రాసిన ప్రోగ్రామూ అలాంటిదే, ఫ్యాక్టరీ క్లాసు అంటాం. మీ గోదాములో మిషను, వేడి పెరిగిందని చెప్పాలంటే దీన్ని అడుగుతుంది. ఇది ఆ రకం మెసేజ్ తయారుచేసి ఇస్తుంది. అది కంట్రోల్ రూముకి వెళ్తుంది. తలుపు తెరిచుంటే ఇంకో రకం, కరెంటు పోతే ఇంకో రకం."

"మరి నా తాన లేనిది అడిగితె?" అంది రుక్కమ్మ. "మొన్న ఒకడొచ్చి అనాసపండు రసం గావాలన్నడు."

"మీరేమన్నారు?"

"ఏమంట? లేదు బిడ్డా, పో అన్న. లేనిది ఉన్నదని చెప్పి చాయ్ పోసిస్తనా?"

కుర్మయ్య పకపకా నవ్వాడు. శివరామకృష్ణకు నవ్వు రాలేదు. "మాది పోసిస్తుందండీ," అన్నాడు మెల్లగా. "తెలియని రకం అడిగితే 'అంతా మామూలే' అనే మెసేజ్ ఇస్తుంది."

"గదేంది సారూ! అబద్ధం గద!"

అబద్ధమే. మొదట అతను అలా రాయలేదు. తెలియని రకం వస్తే ఎర్రర్ అని కేకపెట్టేలా రాశాడు. పైనున్న మేనేజర్ నవీన్‌కుమార్ ఒప్పుకోలేదు. తెర ఎర్రబడితే క్లయింట్ ఫోన్ల మీద ఫోన్లు చేస్తాడు, మామూలు మెసేజ్ ఇచ్చెయ్, ఎవడు చూస్తాడు అన్నాడు. ఇతను సరే సార్ అన్నాడు.

కుర్మయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. "ఏదైతేంది. నిన్న మా రూము లోపట ఎర్ర బటన్ పెట్టిన్రు. తలుపు ఊకె పట్టేస్తది. లోపట ఇరుక్కుంటే ఒత్తాలంట, కంట్రోల్ రూముకు తెలుస్తదంట. ఇగ పరేషాన్ లేదు."

అతను సైకిలెక్కి పోయాడు. టోపీ మేకుకే ఉండిపోయింది.

శివరామకృష్ణ చాయ్ సగంలోనే వదిలేశాడు. ఆ బటన్ సంగతి అతనికెవరూ చెప్పలేదు. ఆఫీసుకు పోగానే ప్రోగ్రాం తెరిచాడు. వేడి, తలుపు, కరెంటు ఉన్నాయి. లోపల మనిషి ఇరుక్కున్నాడనే రకం లేదు. గబగబా రాశాడు. కొత్త రకం చేర్చాడు. తెలియనిదేదైనా వస్తే ఎర్రర్ వచ్చేలా ఆ పాత వాక్యాన్నీ మార్చాడు. ఇక నవీన్‌కుమార్ తన కంప్యూటర్‌లో అనుమతి నొక్కితే చాలు.

"ఇవాళ క్లయింట్ వస్తున్నారండీ. డెమో రోజున ఎవరైనా కోడ్ ముట్టుకుంటారా? సోమవారం చూద్దాం."

"లోపల మనుషులుంటారు సార్..."

"ఇన్నాళ్లూ లేరా? సోమవారం, శివరామకృష్ణగారూ."

"సరే సార్."

సాయంత్రం చాయ్ దగ్గర కుర్మయ్యకు చెప్పాలి, ఆ బటన్ని నమ్మొద్దని. అలా సర్దిచెప్పుకుని కూర్చున్నాడు. మనమంతా సర్దిచెప్పుకునేది అలాగే.

మధ్యాహ్నం డెమో. గోడంత తెర మీద గోదాము నుంచి నేరుగా వస్తున్న మెసేజులు, అన్నీ పచ్చరంగులో. కోల్డ్ రూము: అంతా మామూలే. కాసేపటికే మళ్లీ, కోల్డ్ రూము: అంతా మామూలే. వెంటనే ఇంకోటి. దాని మీద ఇంకోటి. ఎప్పుడో ఓసారి పలికే గది ఊపిరాడనట్టు పలుకుతోంది. వచ్చినవాళ్లు తలలూపారు. "చాలా నిలకడగా ఉందే," అన్నాడొకాయన.

శివరామకృష్ణ కుర్చీ కిర్రుమనేలా లేచాడు. "ఒక్క నిమిషం సార్, ఆ గదిలో..."

నవీన్‌కుమార్ నవ్వు చెదరకుండానే అతని భుజం మీద చెయ్యేశాడు. "తర్వాత."

అతను కూర్చున్నాడు. సరే సార్ అని నోరు దానంతటదే అంది. పచ్చ మెసేజులు ఇంకాసేపు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి.

డెమో అయ్యాక అతను ఎండలో పరిగెత్తాడు. గోదాము ముందు మనుషులు మూగి ఉన్నారు. కుర్మయ్యతో పనిచేసే శివ నేల మీద చతికిలబడ్డాడు. "ఒక్క డబ్బా పెట్టొస్త అని కోటు లేకుంట పోయిండు సారూ. మేం తిననీకె పోయినం. వచ్చి చూసెటాలకు..."

బటన్ కిందే పడి ఉన్నాడు కుర్మయ్య. బొటనవేలి గోరు చిట్లి ఉంది. టోపీ లేని చెవులు తెల్లగా, గాజులా ఉన్నాయి.

రుక్కమ్మ ఏడవలేదు. శివరామకృష్ణను నిలబెట్టి అడిగింది. "లేనిది ఉన్నదంటదని నువ్వే చెప్తివి గద సారూ. తెలిసి తెలిసి గట్లనే ఉంచినవా?"

దానికి సరే అనలేకపోయాడు.

నేరుగా వెనక్కి పోయి నవీన్‌కుమార్ ముందు నిలబడ్డాడు. ఇప్పుడే అనుమతి నొక్కమన్నాడు. ఇప్పుడు మారిస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టవుతుంది, ఇంటికి వెళ్లండి అన్నాడు నవీన్‌కుమార్. శివరామకృష్ణ నోట్లోంచి జన్మలో మొదటిసారి "కాదు సార్" అన్న మాట వచ్చింది. ఆ సాయంత్రమే మెడలో తాడు లాక్కుని గేటు బయటికి పంపారు.

అతను రాసిన మార్పు మీ కంపెనీ కంప్యూటర్లలోనే ఉంది. ఈ రోజుకీ అనుమతి కోసం కాచుకుని ఉంది. కోల్డ్ రూములో ఇప్పుడు కుర్మయ్య తోటి పనివాడు శివ పని చేస్తున్నాడు. అదే తలుపు, అదే బటన్. విచారణలు తర్వాత చేసుకోండి, సంతాప సభలు తర్వాత పెట్టుకోండి. ముందు ఆ అనుమతి నొక్కండి. సోమవారం కాదు, ఇప్పుడు. తెర ఎర్రబడితే పడనివ్వండి.

చెయ్యి రాకపోతే ఒకసారి మలుపు దాకా నడిచి రండి. రుక్కమ్మ బండి గుంజకు, మేకు మీద, చెవుల ఆకారం ఇంకా పోని ఎర్రమట్టి రంగు టోపీ వేలాడుతోంది.